లక్ష కిలోమీటర్లు దాటిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొనాలా వద్దా: బయానా ఇచ్చేముందు చూసుకోవాల్సినవి

"అక్కా, 2018 ఆర్‌ఎస్ ఒకటి దొరికింది. లక్షా పది వేలు తిరిగింది. రేటు బాగుంది. తీసుకోమంటారా?"

నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఇలాంటివే. చాలాకాలం సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్‌గా చేశాను. ఇప్పుడు కూకట్‌పల్లి దగ్గర ఒక చిన్న వర్క్‌షాప్‌లో భాగస్వామిని. పాత జర్మన్ బండ్లు కొనేవాళ్ళ తరఫున వెళ్ళి బండి చూసి, ఏముందో ఏం లేదో రాసివ్వడం నా పని. తీసుకోవాలా వద్దా అని ఫోన్‌లో చెప్పమంటే చెప్పలేను. కానీ ఎలా తేల్చుకోవాలో చెప్పగలను. ఇక్కడ చెప్పేదంతా అదే.

ఆర్‌ఎస్‌నే, అంటే ఆక్టేవియాలో ఎక్కువ పవరున్న రకాన్నే, ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. స్కోడా 2017 ఆగస్టులో దీన్ని మన దేశంలో రూ. 24.62 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకి దింపింది. 2.0 లీటర్ టర్బో పెట్రోల్, 230 పీఎస్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, నూనెలో మునిగి ఉండే క్లచ్‌లతో ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 2020లో వచ్చిన ఆర్‌ఎస్245 అయితే దేశం మొత్తానికి 200 కార్లే, ధర సుమారు 36 లక్షలు. అంత పికప్ ఉండి, వెనక అమ్మానాన్నలు సుఖంగా కూర్చుని, డిక్కీలో నాలుగు సూట్‌కేసులు పట్టే బండి ఆ ధరలో అప్పుడు ఇంకోటి లేదు. అందుకే పాతబడ్డా దీని మీద మోజు తగ్గలేదు. మోజు ఉన్నచోట రేటు బండిని బట్టి కాకుండా మోజుని బట్టి నడుస్తుంది. కొనేవాళ్ళు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

కిలోమీటర్లు ఎక్కడ తిరిగాయి?

లక్ష అనే అంకె చూడగానే చాలామంది బెదిరిపోతారు. నలభై వేలు అని చూడగానే కరిగిపోతారు. నా లెక్క వేరు. వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళొచ్చే బండి ఆరో గేర్‌లో, రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గర, ఇంజిన్ సరైన వేడిలో గంటలకొద్దీ నడుస్తుంది. బ్రేకులు పెద్దగా అరగవు, క్లచ్‌కి పని ఉండదు. అదే గచ్చిబౌలి నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ ఆరేడు కిలోమీటర్లు ముక్కుతూ మూలుగుతూ నడిచిన బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కే లోపే ఇంజిన్ ఆపేస్తారు. దాని డీఎస్‌జీ నిమిషానికోసారి ఒకటికీ రెండుకీ మధ్య ఊగిసలాడుతుంది. ఆ నలభై వేల బండి కంటే ఈ లక్ష బండిని నేను ముందు చూస్తాను.

కాబట్టి అమ్మేవాళ్ళని మొదట అడగాల్సింది "ఎన్ని తిరిగింది" అని కాదు. ఆఫీసు ఎక్కడ, ఇల్లు ఎక్కడ, ఊరు ఎంత తరచుగా వెళ్తారు, ఇంట్లో ఇంకో బండి ఉందా, ఆయిల్ ఎన్నాళ్ళకోసారి మార్పిస్తారు అని అడగండి. సొంతంగా ప్రేమగా వాడుకున్న మనిషి ఈ ప్రశ్నలకి ఆపకుండా చెప్పుకుపోతాడు. పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీలో నిలబెట్టిన బండి అయితే ఆర్‌సీలో ఉన్న ఓనర్‌తో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడించమని అడగండి. మాట్లాడించనంటే ఆ బండిని నేను చూడను.

బండి రేటు, అసలు రేటు

పెర్ఫార్మెన్స్ కారు పాతబడితే రేటు తగ్గుతుంది, స్పేర్ పార్టుల రేటు మాత్రం తగ్గదు. పాతిక లక్షల కారుని పద్నాలుగు లక్షలకి కొన్నా, దానికి వేసే షాకబ్జర్ పాతిక లక్షల కారుదే. చాలామంది తడబడేది ఇక్కడే. పద్నాలుగు లక్షలు లోను తీసుకుని, చేతిలో ఉన్నదంతా ఊడ్చి డౌన్ పేమెంట్ కట్టేసి, రెండో నెలలో కూలెంట్ లీకైతే దిక్కులు చూస్తారు.

బండి చూడకముందే, ఇంకా ఆశ పుట్టకముందే, కాగితం మీద లెక్క రాసుకోమని నా దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ చెప్తాను. లక్ష దాటిన ఆర్‌ఎస్ అయితే డీఎస్‌జీ ఆయిల్, ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, నాలుగు టైర్లు, ముందు వెనక డిస్కులు, ప్యాడ్లు, ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, వాటర్ పంప్, థర్మోస్టాట్, బ్యాటరీ. వీటిలో ఏవేవి ఇప్పటికే మార్చారో బిల్లులు చూసి కొట్టేయండి. మిగిలినవన్నీ మీ ఖర్చే, బండి ఎంత బాగా నడిచినా సరే. ఎన్ని మిగిలాయన్న దాన్ని బట్టి ఒక లక్ష నుంచి మూడు లక్షల దాకా తేలుతుంది. ఆ మొత్తాన్ని అడిగిన రేటుకి కలిపితే వచ్చేదే మీరు నిజంగా పెడుతున్న డబ్బు. రెండు బండ్లని పోల్చుకోవాల్సింది కూడా ఆ మొత్తంతోనే. పదిహేనున్నరకి పనులన్నీ అయిపోయి, బిల్లులతో సహా ఉన్న బండి, పదమూడుకి ఏమీ చెయ్యని బండి కంటే చౌక.

దీనికి తోడు, ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద ఖర్చు కోసం ఇంకొంత పక్కన పెట్టాలి. టర్బో, మెకాట్రానిక్ (డీఎస్‌జీలో గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్), ఫ్లైవీల్, వీటిలో ఏదొచ్చినా తడిసి మోపెడవుతుంది. నా వరకు నియమం ఏంటంటే, బండి రేటులో పావు వంతు బ్యాంకులో కదలకుండా ఉండాలి. అది లేకపోతే ఈ బండి మీకు టెన్షన్ తప్ప సంతోషం ఇవ్వదు. కొన్నాళ్ళు ఆగండి, లేదా రెండు మెట్లు కింద ఉన్న బండి చూడండి. కోరిక తీర్చుకోవద్దని కాదు. తీరిన కోరిక అప్పుగా మారి ఇంట్లో మాటలు పెరగడం కళ్ళారా చూసి చెప్తున్నాను.

ఇంట్లో కూర్చుని చెయ్యగలిగిన పని

బండి దగ్గరికి వెళ్ళకముందే నంబర్ తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో చూడండి. ఎన్నో ఓనర్, రిజిస్ట్రేషన్ తేదీ, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, బ్లాక్‌లిస్ట్‌లో ఏమైనా ఉందా అన్నవి తెలిసిపోతాయి. ఈ-చలాన్లు కూడా చూడండి. పెండింగ్ డబ్బు ఎంత అన్నది చిన్న సంగతి. ఓవర్‌స్పీడ్ చలాన్లు వరసగా, అర్ధరాత్రి వేళల్లో పడి ఉంటే ఆ బండిని ఎలా తోలారో చెప్పకనే చెప్తాయి.

ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న బండి చవగ్గా కనిపిస్తే కారణం ఉంటుంది. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టడంతో చాలా బండ్లు దక్షిణాదికి దిగాయి. బండి మంచిదే కావచ్చు. కానీ ఎన్‌ఓసీ తెచ్చుకోవడం, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టడం కలిపితే చవక కాస్తా ఆవిరవుతుంది. తెలంగాణ బండిని ఆంధ్రాకి తీసుకెళ్ళినా ఇదే సంగతి: ఫామ్ 28 మీద ఎన్‌ఓసీ, అక్కడ ట్యాక్స్. గుంటూరు, విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చి బండి కొనేవాళ్ళు ఈ ఖర్చుని లెక్కలోకే తీసుకోరు. ఫైనాన్స్ తీరిపోయిందని చెప్తే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫామ్ 35 చూపించమనండి. ఆర్‌సీలో ఇంకా బ్యాంకు పేరు ఉందంటే ఆ పని అవ్వనట్టే.

తర్వాత సర్వీస్ హిస్టరీ. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం చేశారో బండి ఛాసిస్ నంబర్ మీద రికార్డ్ ఉంటుంది. ఓనర్ అడిగితే ఇస్తారు. అందులో నేను మొదట వెతికేది 60,000 దగ్గర డీఎస్‌జీ ఆయిల్ మార్చారా లేదా అని. ఈ ఆరు గేర్ల డీఎస్‌జీకి ప్రతి 60,000 కిలోమీటర్లకీ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. క్లచ్‌లు అరిగిన పొడి అంతా ఆ నూనెలోనే తిరుగుతుంది. మార్చకపోతే అదే పొడి మెకాట్రానిక్‌లోని సన్నని వాల్వుల దగ్గరికి చేరుతుంది. లక్షా పది వేల బండికి ఈ బిల్లు ఒక్కటైనా ఉండాలి. లేదంటే ఆయన దగ్గర మిగతా సర్వీసులు ఎలా జరిగాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్స్ పాత పాలసీలు కూడా అడగండి. నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉండి, హఠాత్తుగా సున్నాకి పడిపోయిందంటే ఆ ఏడాది ఏదో క్లెయిమ్ అయింది. ఏం క్లెయిమో కనుక్కోండి.

తెల్లవారుజామున వెళ్ళండి

ఈ ఒక్క మాట మాత్రం ఎవరు చెప్పినా మార్చుకోవద్దు: రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అవ్వడం మీ కళ్ళతో చూడాలి. ముందురోజే ఓనర్‌కి చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని.

ఒకసారి గుంటూరు నుంచి ఒక కుర్రాడు, వాళ్ళ నాన్నగారితో వచ్చాడు. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తెల్ల ఆర్‌ఎస్. ఏడు కూడా కాలేదు. కుర్రాడు ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టాడు. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి పెట్టారు. కాసేపు అలాగే ఉంచి, "ఇంజిన్ వేడిగా ఉందేంటమ్మా, ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?" అని నన్ను చూశారు. ఓనర్ "పొద్దున్నే పాల ప్యాకెట్లకి వెళ్ళాం సార్" అన్నాడు. పాల బూత్ ఆ అపార్ట్‌మెంట్ గేటు పక్కనే ఉంది.

మేం గొడవ పెట్టుకోలేదు. బండి తాళం మా ఎదురుగానే వాచ్‌మన్ దగ్గర పెట్టించి, మర్నాడు పొద్దున్నే వచ్చాం. చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేస్తే కుడివైపు నుంచి గొలుసు గీరుకున్నట్టు రెండు మూడు సెకన్ల చప్పుడు. వెనక సైలెన్సర్‌లోంచి నీలం పొగ పల్చగా వచ్చి పోయింది. కూలెంట్ డబ్బాలో మట్టం కనీస గీతకి కింద ఉంది. కిందికి వంగి టార్చ్ వేసి చూస్తే ఇంటేక్ మానిఫోల్డ్ కింది వైపు, గేర్‌బాక్స్ మీదికి దిగిన చోట, గులాబీ రంగు పొరలా ఎండిపోయి కనిపించింది. ముందురోజు ఇవేవీ తెలిసేవి కావు. ఆ బండిని వాళ్ళు వదిలేశారు.

ఆ మూడింటి సంగతీ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఇంజిన్లలో రిస్కంతా అక్కడే ఉంది. టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ లోపల వాల్వులని నడిపే గొలుసు, దాని చప్పుడు ఒక్క క్షణం వచ్చి ఆగిపోతే ఆయిల్ ప్రెషర్ అందేలోపు వచ్చినది కావచ్చు. రెండు మూడు సెకన్లు ఉందంటే చైన్ సాగిందనో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పట్టు తప్పిందనో అనుమానించాలి. ఇంతకుముందు తరం 1.8 టీఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్‌లో, అంటే పాత లారా, సూపర్బ్‌లలో, టెన్షనర్ పోయి చైన్ జారి వాల్వులు పిస్టన్లకి తగిలిన బండ్లున్నాయి. ఆర్‌ఎస్‌లో ఉన్న తర్వాతి తరం ఇంజిన్ దీనికంటే చాలా మెరుగు, కానీ ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండికి ఏ తరమూ రక్ష కాదు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. పిస్టన్ రింగులా, వాల్వ్ సీళ్ళా, టర్బోనా అన్నది తర్వాత తేలాల్సిన మాట. "వెయ్యి కిలోమీటర్లకి అర లీటర్ వరకూ ఆయిల్ తాగడం మామూలే, మాన్యువల్‌లో రాశారు" అని అమ్మేవాళ్ళు అంటారు. అది గరిష్ఠ పరిమితి, మంచి ఆరోగ్యానికి గుర్తు కాదు. గులాబీ మరక వాటర్ పంప్, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్‌ది. ఈ ఇంజిన్లలో అది లీకవ్వడం మామూలు జబ్బే, బాగవుతుంది కూడా. కానీ మట్టం తగ్గినా నీళ్ళు పోసి నడిపిన మనిషి బండి అయితే ఎంత వేడెక్కిందో ఎవరికీ తెలియదు.

నడిపేటప్పుడు

ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి నూట ఇరవై కొట్టి చూస్తే ఏ ఆర్‌ఎస్ అయినా మనసు దోచేస్తుంది. బండి లోపాలు బయటపడేది నిదానంలో. సెల్లార్ ర్యాంప్ మీద సగంలో ఆపండి. బ్రేక్ వదిలి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, మెల్లగా కదలనివ్వండి. తర్వాత రివర్స్‌లో అదే ర్యాంప్ ఎక్కించండి. క్లచ్‌లు ఆరోగ్యంగా ఉంటే నూనె పోసినట్టు కదులుతుంది. వణుకుతూ, కుదుపుతూ ఎక్కితే ఖర్చు ఉంది. ట్రాఫిక్‌లో ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి మారేటప్పుడు వెనకనుంచి ఎవరో నెట్టినట్టు తగలకూడదు. ఈ పరీక్ష అరగంట నడిచాక మళ్ళీ చెయ్యండి; కొన్ని డీఎస్‌జీలు వేడెక్కాకే అసలు రంగు చూపిస్తాయి. బండి ఆగి, ఇంజిన్ నడుస్తుండగా తలుపు తీసి వినండి. ఇంజిన్ ఆపేటప్పుడు లోపల ఏదో డబ్బా గలగలలాడినట్టు వస్తే ఫ్లైవీల్ అయిపోవచ్చింది.

ఖాళీ రోడ్డు దొరికితే మాన్యువల్ మోడ్‌లో మూడో గేర్ పెట్టి, రెండు వేల ఆర్‌పీఎమ్ నుంచి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎమ్ ముల్లు, వేగం రెండూ కలిసి పెరగాలి. ముల్లు ఒక్కసారిగా ఎగిరి వేగం వెనకబడితే క్లచ్ జారుతోంది. మధ్యలో దగ్గినట్టు ఆగితే కాయిల్స్, ప్లగ్‌లు కావచ్చు, లేదా వాల్వుల మీద కార్బన్ పేరుకుని ఉండొచ్చు. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజిన్లలో వాల్వుల వెనక్కి పెట్రోల్ తగలదు, అందుకని అక్కడ మసి గడ్డకడుతుంది. విప్పి శుభ్రం చేయించడం తప్ప మార్గం లేదు.

సస్పెన్షన్ గురించి పెద్దగా చెప్పను. మన స్పీడ్ బ్రేకర్ల మీద లక్ష తిరిగిన ఏ బండికైనా బుష్‌లు, షాకులు పోతాయి, మార్చుకుంటే అయిపోతుంది. లిఫ్ట్ మీద ఎత్తినప్పుడు ఆయిల్ చాంబర్‌కి దెబ్బలు ఉన్నాయేమో మాత్రం చూడండి.

స్కానర్ చెప్పే నిజం

బండిలోని కంప్యూటర్లని చదివే స్కానర్, వీసీడీఎస్ గానీ ఓబీడీఎలెవెన్ గానీ, పెట్టకుండా ఈ బండి కొనొద్దు. మీటర్ తిప్పడం ఇప్పటికీ జరుగుతోంది. కానీ బండిలో ఒక్క మీటరే ఉండదు. చాలా మాడ్యూళ్ళు, అంటే బండిలోని చిన్న చిన్న కంప్యూటర్లు, ఏదైనా తప్పు నమోదైనప్పుడు, అప్పటి కిలోమీటర్లని కూడా దాంతో పాటు రాసుకుంటాయి. మీటర్ 92,000 చూపిస్తుంటే, ఎప్పుడో పార్కింగ్ సెన్సర్‌లో పడిన పాత కోడ్ పక్కన 1,38,000 అని ఉంటే ఇంక మాట్లాడేదేముంది. కోడ్లన్నీ ఆ రోజు పొద్దున్నే చెరిపేసినట్టు కనిపించినా అనుమానమే.

స్కానర్ లేకుండా కూడా కొన్ని తెలుస్తాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. ముప్పై వేలే తిరిగిందంటున్న బండికి అప్పుడే రెండో సెట్టు టైర్లు ఎందుకు పడ్డాయో అడగండి. స్టీరింగ్ తోలు నిగనిగలాడేలా అరిగి, డ్రైవర్ సీటు బయటి అంచు నలిగిపోయి, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా ఉంటే తక్కువ తిరిగిన బండి కాదు. అద్దాల మీద ఉండే సంవత్సరం గుర్తు ఒక్క అద్దానికే వేరుగా ఉంటే ఆ వైపు ఏదో జరిగింది. సెరామిక్ కోటింగ్ మెరుపులు చూసి పడిపోవద్దు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇలాంటి బండ్ల విషయంలో అక్షరాలా నిజం.

ఇంకో పెద్ద సంగతి ట్యూనింగ్. ఆర్‌ఎస్ కొన్నవాళ్ళలో స్టేజ్ 1 చేయించినవాళ్ళు చాలామంది. సాఫ్ట్‌వేర్ మార్పుతో 230 పీఎస్ కాస్తా మూడు వందల దగ్గరికి వెళ్తుంది, టార్క్ కంపెనీ ఇచ్చిన 350 దాటిపోతుంది. ఆ బరువంతా మోసేది అవే క్లచ్‌లు, అవే మౌంటింగులు. ట్యూన్ చేసిన బండి అంటరానిది అని నేను అనను. ఎవరు చేశారో చెప్పి, ప్లగ్‌లు, ఆయిల్ తరచుగా మార్చిన బిల్లులు చూపించి, డీఎస్‌జీ సాఫ్ట్‌వేర్ కూడా దానికి తగ్గట్టు చేయించిన మనిషి దగ్గర కొనొచ్చు. దాచినవాళ్ళ దగ్గరే ప్రమాదం. అమ్మే ముందు స్టాక్ సాఫ్ట్‌వేర్ తిరిగి వేసేస్తారు. అయినా ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ సిస్టమ్‌లో ట్యూనింగ్ పట్టుబడిన బండికి టీడీ1 అనే గుర్తు పడి ఉండొచ్చు. సర్వీస్ సెంటర్‌లో ఓనర్‌ని పక్కన పెట్టుకుని అడగండి. ఎయిర్ ఇంటేక్, డౌన్‌పైప్ విప్పి మళ్ళీ బిగించిన ఆనవాళ్ళు బోల్టుల మీద పానా గీతల్లో కనిపిస్తాయి. చెప్పని మార్పులు ఉంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో కూడా పేచీ వస్తుంది.

వరద బండ్ల గురించి ఒక్క మాట. 2015 చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచెత్తిన విజయవాడ. ఆ నీళ్ళలో మునిగిన బండ్లు శుభ్రపడి మళ్ళీ మార్కెట్‌లోకి వస్తాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, మట్టి గీత ఉంటుంది. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంటలో బురద, కార్పెట్ కింద వైర్ల కనెక్టర్ల దగ్గర పచ్చటి చిలుము ఉన్నాయేమో చూడండి. ఇన్ని కంప్యూటర్లున్న కారు మునిగిందని తేలితే సగం రేటుకిచ్చినా వద్దు.

ఆర్‌ఎస్ కాకపోతే

బడ్జెట్ తక్కువై 1.2 లీటర్ పోలో జీటీ టీఎస్‌ఐ వైపు, లేదా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ వైపు చూసేవాళ్ళుంటారు. 1.8 కూడా 180 పీఎస్‌తో గట్టి బండే. కానీ ఈ రెండింట్లో ఉండేది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ. నూనె చల్లదనం లేని క్లచ్‌లు మన ట్రాఫిక్‌లో వేడెక్కిపోతాయి, మెకాట్రానిక్ ఫిర్యాదులు కూడా దీనిలోనే ఎక్కువ. క్లచ్, మెకాట్రానిక్ మార్చిన బిల్లు ఉన్న బండి దొరికితే అదృష్టమే. సిటీలోనే తిరిగే మనిషికి నేను దీన్ని మనస్ఫూర్తిగా చెప్పలేను. 2011లో వచ్చిన లారా వీఆర్‌ఎస్‌కి మాన్యువల్ గేర్‌బాక్స్ కాబట్టి ఆ బాధ లేదు, కానీ వయసు మీద పడింది, పైగా చైన్ టెన్షనర్ సంగతి పైన చెప్పాను. బీఎండబ్ల్యూ 328ఐ కావాలనేవాళ్ళు దాని ఎన్20 ఇంజిన్‌లో చైన్ గైడ్లు ప్లాస్టిక్‌వని, అవి విరుగుతాయని తెలుసుకుని వెళ్ళండి.

బేరం, ఆ తర్వాత

రిపోర్ట్ చేతికొచ్చాక బేరం తేలిక. "తగ్గించండి సార్" అనొద్దు. "డీఎస్‌జీ ఆయిల్ అవ్వలేదు, వాటర్ పంప్ లీకుంది, టైర్లు అయిపోయాయి, ఇదిగో కొటేషన్" అని చూపించండి. నిజాయితీగా వాడుకున్న ఓనర్ ఏదో ఒకచోట కలుస్తాడు. లిఫ్ట్ ఎక్కించనివ్వనివాడు, స్కానర్ పెట్టనివ్వనివాడు, "సాయంత్రానికి ఇంకో పార్టీ వస్తున్నారు" అని తొందరపెట్టేవాడు ఎదురైతే లేచి వచ్చెయ్యండి. బయానా ఇస్తే ఆర్‌సీలో పేరున్న మనిషి ఖాతాకే పంపి, "తనిఖీలో తేడా వస్తే వాపసు" అని రాయించుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్ మార్పించండి, వీడబ్ల్యూ 502 00 ప్రమాణానికి సరిపోయేది. కంపెనీ 15,000 కిలోమీటర్లకోసారి అంటుంది. ఈ వయసు టర్బో ఇంజిన్‌కి నేను ఎనిమిది వేలు దాటనివ్వను. డీఎస్‌జీ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్క. పెట్రోల్ 95 ఆక్టేన్ పోయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్), ఈ కార్లు తయారైనప్పుడు అది లేదు. కాబట్టి ఫ్యూయల్ పైపులు, సీళ్ళు పగుళ్ళిస్తున్నాయేమో ప్రతి సర్వీస్‌లోనూ చూపించుకోండి.

ఇన్సూరెన్స్‌ని పద్నాలుగు రోజుల్లోగా మీ పేరుకి మార్పించుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు. ఈ వయసు బండికి జీరో డెప్ (పార్టుల మీద తరుగు కొయ్యని కవర్) ఇచ్చే కంపెనీ దొరికితే ప్రీమియం ఎక్కువైనా తీసుకోండి. లేకపోతే ఐదు నుంచి పదేళ్ళ మధ్య బండికి లోహపు భాగాల మీద 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు మీద 50 శాతం మీ జేబులోంచే పోతుంది. ఆర్‌ఎస్ ముందు బంపర్, హెడ్‌లైట్ రేటు ఒకసారి స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో కనుక్కుని, ఆ తర్వాత పాలసీ ఎంచుకోండి. ఫామ్ 29, 30 మీద సంతకాలు డబ్బు పూర్తిగా ఇచ్చేరోజే తీసుకోండి. ఆర్‌సీ మీ పేరుకి మారేదాకా పాత ఓనర్ ఫోన్ నంబర్, ఆధార్ కాపీ మీ దగ్గర ఉండాలి. ఆర్‌టీఏ ఓటీపీ ఆయన ఫోన్‌కే వెళ్ళొచ్చు.